అత్తగారి కళ్ళు

మామగారు కారు నడుపుతుంటే అత్తగారు పక్కన కూర్చుని మాట్లాడుతూనే ఉంటారు. "ఎర్ర లైటండీ. ఆ, ఇప్పుడు పచ్చ. ఎదురుగా లారీ, నెమ్మది." అదంతా చాదస్తమనుకునేది కోడలు. "నలభయ్యేళ్ళు బస్సు నడిపిన మనిషికి మీరు పాఠాలు చెప్తారేంటి అత్తయ్యా!" అని నవ్వేది. మామగారు మాత్రం నవ్వేవారు కాదు.

ఆ రోజు ముగ్గురూ పళ్ళ డాక్టరు దగ్గర నుంచి తిరిగొస్తున్నారు. వెనక సీట్లో కోడలికి మనసు మనసులో లేదు. పొద్దున అత్తగారు పాలగిన్నె తీసుకెళ్ళి బట్టల బీరువాలో పెట్టారు.

పెద్ద కూడలి వచ్చింది.

"ఏమే, ఏ రంగు?" అన్నారు మామగారు.

"పచ్చే. పోనివ్వండి."

కోడలు తలెత్తింది. లైటు ఎర్రగా వెలుగుతోంది.

"మామయ్యా, ఆపండి!"

బ్రేకు కీచుమంది. అంగుళాల దూరంలో లారీ దూసుకుపోయింది. మామగారు కారు పక్కకు తీసి ఆపారు.

"మీకు కనబడటం లేదా?"

"పక్కలవి కనబడతాయమ్మా. ఎదురుగా ఉన్నదే మసక. మీ అత్త చెప్తుందిగా!"

"ఎప్పట్నుంచి?"

"అబ్బాయితో అనకు."

కోడలికి అప్పుడర్థమైంది. చూపు పోతున్న ఆయన, మతి జారుతున్న ఆవిడ, ఇద్దరూ కలిసి ఒక్క డ్రైవరు.

"దిగండి. నడిచి పోదాం."

"ఇల్లెంత దూరం! నోర్మూసుకుని కూర్చో."

తాళం లాగేసుకుందామని కోడలు దిగి, కారు ముందు నుంచి ఆయన వైపు నడిచింది. తలుపు చప్పుడు విని మామగారు, "అలిగి దిగిపోయిందా? నడిచే రానీ. ఏమే, రోడ్డు ఖాళీయేనా?" అన్నారు. ఆయన చూపు సూటిగా కోడలి మీదే ఉంది. అత్తగారూ కోడల్నే చూసి చిన్నగా నవ్వారు.

"ఖాళీయేనండీ."

కారు కదిలింది. కోడలు రెండు అరచేతులతో బానెట్ మీద ఫెడేల్మని చరిచింది. బంపరు మోకాళ్ళకు తగిలి ఆగింది.

"ఎవరది?"

"నేనే మామయ్యా."

ఆయన తల అటూ ఇటూ తిప్పి, చూపు అంచున ఆమెను పట్టుకున్నారు. ఇంజను ఆపేసి, తాళం కిటికీలోంచి అందించారు.

"ఎందుకాపారు? ఎవరూ లేరుగా!" అన్నారు అత్తగారు.

మామగారు కిటికీలోంచి కోడలి వైపు వంగారు.

"అమ్మాయ్," అన్నారు గొంతు తగ్గించి, "నిన్న బడి సందులో ఏదో తగిలినట్టయింది. 'రాయేనండీ, పోనివ్వండి' అంది మీ అత్త."

కోడలు తాళాన్ని పిడికిట్లో బిగించింది. వంగి బంపరు కింద చూసే ధైర్యం ఆమెకు చాల్లేదు.