నాగలక్ష్మి అడిగిన ప్రశ్న

నాకు నోటి దురుసు ఎక్కువ. కాటన్‌పేటలో మా ఇంట్లో అందరికీ ఉన్నదే. తాతల నాటి బట్టల దుకాణం, పొద్దస్తమానం బేరాలతో అరిచి అరిచి మా గొంతులు అలా తయారయ్యాయి. దుకాణంలో అది పనికొచ్చింది. క్లాసులో పనికిరాదని నాకు తెలియడానికి పద్నాలుగేళ్ళ సర్వీసు పట్టింది. తెలియజెప్పింది పదిహేడేళ్ళ పిల్ల.

నా పేరు అనసూయ. కన్నడనాట బెళ్ళందూరులో ఒక పీయూ కాలేజీలో, అంటే మన ఇంటర్ కాలేజీలో, ఫిజిక్స్ లెక్చరర్ని. సోమవారం ఫిషన్, మంగళవారం ఫ్యూజన్. ఏటా అదే నోట్సు, అదే వరుస. యురేనియం కేంద్రకానికి ఒక నెమ్మదైన న్యూట్రాన్ తగిలితే అది రెండు ముక్కలవుతుంది, బేరియం, క్రిప్టాన్ లాంటివి. వాటితోపాటు రెండు మూడు న్యూట్రాన్లు బయటికొచ్చి పక్క కేంద్రకాలను పగలగొడతాయి. అలా గొలుసులా సాగుతుంది, శక్తి వస్తుంది. మర్నాడు ఫ్యూజన్. హైడ్రోజన్ కేంద్రకాలు కలిసి హీలియం అవుతాయి, సూర్యుడిలో జరిగేది ఇదే, శక్తి వస్తుంది. రాసుకోండి, కింద గీత కొట్టండి.

ఆ మంగళవారం వెనక బెంచీలోంచి నాగలక్ష్మి లేచింది. తండ్రి సుంకన్న ఆదోని వైపు నుంచి వచ్చి ఇక్కడ అపార్టుమెంట్లకు సెంట్రింగ్ పని చేస్తాడు. మా క్లాసులో పాఠమంతా ఇంగ్లీషు. ఆ పిల్లకు ఇంగ్లీషు తట్టలేదో, తొందరలో మరిచిపోయిందో, తెలుగులోనే అడిగేసింది.

"మేడం, పగిలితే శక్తి వస్తాదంటిరి. కలిసినా వస్తాదంటిరి. అట్లయితే పగలగొట్టి, మళ్ళీ కలిపి, మళ్ళీ పగలగొడతా ఉంటే, ఎప్పుడికీ వస్తానే ఉంటాదా?"

నాకు జవాబు తెలియదు. పద్నాలుగేళ్ళుగా ఆ రెండు పాఠాలనూ నేను ఎన్నడూ పక్కపక్కన పెట్టి చూసుకోలేదు. సోమవారం చెప్పింది మంగళవారానికి మరిచిపోయి బతికాను. తెలియదని చెప్పి ఉంటే సరిపోయేది. దానికి బదులు నవ్వాను.

"ఇంకేం, నాగలక్ష్మి ఇంట్లో పగలగొట్టి వెల్డింగ్ చేస్తూ కూర్చుంటుంది, ఊరికంతా కరెంటు వస్తుంది," అన్నాను. పైగా దాన్ని కన్నడంలో అన్నాను, అందరికీ అర్థం కావాలని. క్లాసు గొల్లుమంది. ఆ సాయంత్రానికే ఆ పిల్లకు వెల్డింగ్ అని పేరు పడింది. మళ్ళీ ఆ నోట ప్రశ్న రాలేదు.

ఇంటికి వెళ్తుంటే బస్సు సిగ్నల్ దగ్గర ఆగింది. కిటికీలోంచి కొత్త బిల్డింగు సెల్లార్ కోసం తవ్విన పెద్ద గుంత కనిపించింది. ఒక పక్క నిట్టనిలువుగా తవ్వారు, ఇంకో పక్క లారీలు దిగడానికి వాలుగా వదిలారు. మట్టిపెళ్ళ ఒకటి ఇటునుంచి దొర్లి అడుక్కి చేరింది. అటువైపు నుంచి ఇంకొకటి దొర్లినా చేరేది అక్కడికే కదా అనుకున్నాను. నాగలక్ష్మి ప్రశ్న గుర్తొచ్చింది.

బంధన శక్తి పట్టిక నాకు కంఠతా వచ్చు. ప్రోటాన్లు, న్యూట్రాన్లు దగ్గరై కేంద్రకంగా కట్టుబడేటప్పుడు కొంత ద్రవ్యరాశి తగ్గుతుంది, అదే శక్తిగా బయటికి పోతుంది. ఎంత గట్టిగా కట్టుబడితే అంత ఎక్కువ పోయినట్టు. ఒక్కో కణం వాటాకు చూస్తే యురేనియంలో ఆ కట్టు సుమారు ఏడున్నర మెగా ఎలక్ట్రాన్ వోల్టులు, కేంద్రకాల శక్తికి అదే కొలత. పగిలిన ముక్కల్లో ఎనిమిదిన్నర. ఇనుము దగ్గర దాదాపు ఎనిమిదీ ముప్పావు, అంతకు మించి గట్టిది ఆ చుట్టుపక్కలే తప్ప ఎక్కడా లేదు. భార హైడ్రోజన్‌లో అయితే ఒకటికి కాస్త పైన, అంతే.

కట్టు ఎంత గట్టిదైతే గుంతలో అంత లోతు అనుకుంటే, అడుగున ఇనుము ఉంది. నిట్టనిలువు గట్టు మీద హైడ్రోజన్, వాలు గట్టు మీద యురేనియం. బరువైనది పగిలితే అడుగు వైపు దిగుతుంది. తేలికైనది కలిస్తే అదీ అడుగు వైపే దిగుతుంది. దిగినప్పుడే శక్తి. యురేనియంలో ప్రోటాన్లు తొంభై రెండు, అన్నీ ఒకదాన్నొకటి నెట్టుకుంటాయి. పట్టి ఉంచే బలానికి మాత్రం పక్కనున్న కణం వరకే చెయ్యి అందుతుంది. అందుకే చిన్న తాకిడికి పగులుతుంది. హైడ్రోజన్ కేంద్రకాలు కూడా నెట్టుకుంటాయి కాబట్టి కోట్ల డిగ్రీల వేడిలో దూసుకొస్తే తప్ప కలిసేంత దగ్గరికి రావు. ఇక పగిలిన బేరియం, క్రిప్టాన్ మళ్ళీ కలపాలంటే? దొర్లిన పెళ్ళను గట్టెక్కించడమే. ఒక్క కేంద్రకం పగిలి వచ్చిన సుమారు రెండు వందల మెగా ఎలక్ట్రాన్ వోల్టులూ తిరిగి పెట్టాలి. మిగిలేది సున్న.

ఇంత చక్కటి సంగతి పద్నాలుగేళ్ళుగా నా నోట్సులో గీతల కింద పడి ఉంది. దాన్ని బయటికి తీసింది నేను నవ్విన పిల్ల. మర్నాడు వెళ్ళి చెప్పాల్సింది. సిగ్గేసింది. మరోరోజు చెబుదాం అనుకున్నాను.

ఆ మరోరోజుకి ప్రిన్సిపాల్ మోహన్‌కుమార్ కాలేజీ ఛానెల్‌కు వీడియో కావాలన్నారు. ఖాళీ గదిలో కెమెరా ముందు నిలబడి, "మీకెప్పుడైనా ఈ అనుమానం వచ్చిందా? నాకు వచ్చింది," అని మొదలుపెట్టాను. నాకు వచ్చింది అన్నాను. ఆ ముక్క తలుచుకుంటే ఇప్పటికీ చెవులు వేడెక్కుతాయి. గుంత బొమ్మ గీశాను, ఇనుము చూపించాను. ఇరవై వేలమంది చూశారు. స్టాఫ్‌రూంలో స్వీట్లు పంచారు. నేను రెండు తిన్నాను.

నెల తిరగకుండా నాగలక్ష్మి ఒక ఫారం పట్టుకుని వచ్చింది. ఊళ్ళోని ఒక పరిశోధనా సంస్థ వేసవిలో రెండు వారాల శిబిరం పెడుతోంది. ఎంపికకు మార్కులు అడగరు. మీకు మీరుగా తట్టిన ఒక ప్రశ్న రాయాలి, అది విద్యార్థి సొంతమేనని టీచరు సంతకం చెయ్యాలి. మిగతా గడులన్నీ గుండ్రటి అక్షరాలతో నింపింది. ప్రశ్న రాయాల్సిన చోటు ఖాళీ.

ఏం, ఇది వదిలేశావేం అని అడిగాను.

"నాకు తట్టింది ఒకటే మేడం. అది రాస్తే మీ వీడియో చూసి కాపీ కొట్టినానంటారు," అంది. గొంతులో కోపం లేదు. ఉన్నా నాకు కొంత బాగుండేది.

అప్పుడైనా బుద్ధి రావద్దా నాకు? దానిదేముంది, వేరే మంచి ప్రశ్న నేనిస్తాను, రాసెయ్యి అన్నాను. నక్షత్రాల్లో ఇనుము తర్వాత ఏమవుతుందని ఒకటి చెప్పాను కూడా.

నాగలక్ష్మి నా వైపు చూసింది. "అది మీది కదా మేడం," అంది.

ఈడ్చి కొట్టినా అంత తగిలేది కాదు. ఫారం రేపు తీసుకురా, చూద్దాం అని పంపేశాను.

మర్నాడు తండ్రితో వచ్చింది. ఫారంలో తండ్రి సంతకం కూడా నా ఎదుటే పెట్టాలట. సుంకన్న సగం పూట పని మాని వచ్చాడు. పాదాలకు సిమెంటు ఎండి ఉంది. చెప్పులు స్టాఫ్‌రూం బయట విడిచి చేతులు కట్టుకుని నిలబడ్డాడు. కూర్చోమంటే కూర్చోలేదు.

"మన తెలుగు మేడం ఉండాదని ధైర్యంగా ఉన్నాం మేడం. పాప ఇంట్లో అంతా మీ మాటే చెప్తాది," అన్నాడు.

నాగలక్ష్మి నేల చూస్తోంది. ఇంట్లో చెప్పలేదన్నమాట. వెల్డింగ్ అని పిలుస్తున్నారనీ, ఆ పేరు రావడానికి కారణం నేనేననీ చెప్పలేదు. నా పరువును ఆ పిల్ల మోస్తూ తిరిగింది.

నేను లేచి నిలబడ్డాను. అంతా చెప్పేశాను. ప్రశ్న అడిగిందని, నాకు జవాబు తెలియక నవ్వానని, తర్వాత ఆ ప్రశ్న నాదేనని ఊరందరికీ చెప్పుకున్నానని. ఫారంలో ఉన్నదున్నట్టు రాస్తానన్నాను. ఆ వీడియోను ఛానెల్‌లోంచి తీసేయించి, మళ్ళీ నాగలక్ష్మి పేరుతో చేస్తానన్నాను. నన్ను క్షమించమన్నాను. పక్క టేబుల్ దగ్గర రంజిత మేడం పేపర్లు దిద్దడం ఆపేసింది.

సుంకన్న కూతురి వైపు చూశాడు, తర్వాత నా వైపు. నాకు తిట్టినా బాగుండుననిపించింది.

"నాకు చదువు తెలీదు మేడం. ఒకటి అడుగుతా," అన్నాడు. "పాప అడిగిందానికి పాపకు జవాబు చెప్పినారా?"

చెప్పలేదు. ఇరవై వేలమందికి చెప్పాను, అడిగిన పిల్లకు చెప్పలేదు.

గంట కొట్టారు. తరువాతి క్లాసు నాగలక్ష్మి వాళ్ళదే. ముగ్గురం నడిచాం. సుంకన్న తలుపు దగ్గరే ఆగిపోయాడు. నేను సుద్దముక్క తీసుకుని అందరి ముందూ చెప్పాను, ఈ ప్రశ్న నాగలక్ష్మిది, ఆ రోజు నవ్వాల్సింది నన్ను చూసి అని. ఎవరూ నవ్వలేదు. తర్వాత బోర్డు మీద గుంత గీసి, అడుగున ఇనుము రాసి, రెండు గట్ల నుంచీ బాణాలు దించి, ముక్కల్ని తిరిగి కలపాలంటే వచ్చినంతా మళ్ళీ పెట్టాలని చెప్పాను. ఈసారి తెలుగులో, ఆ పిల్ల వైపు తిరిగి. మిగతా పిల్లలకు కన్నడంలో తర్వాత చెప్పాను.

"అర్థమైందా నాగలక్ష్మీ?" అని అడిగాను.

"వీడియో చూసిన రోజే అర్థమైంది మేడం," అంది. "నాకు చెప్తారా లేదా అని చూస్తా ఉంటిని."

కూర్చోమన్నాను. బోర్డు వైపు తిరిగి, గుంత బొమ్మ పైన ఆ పిల్ల పేరు రాశాను.