ఏడో గ్రీన్ మీది గుట్ట

ఆ గోల్ఫ్ మైదానం సంగతి పక్క ఊరివాళ్లకే తెలియదు. తొమ్మిది హోల్స్, ఒక రాతి గోడ, ఒక సన్న వాగు, అంతే. నూరేళ్ల కిందట రోడ్లు వేసే ఇంజినీరొకాయన గీశాడు దాన్ని. ఆయనకి మట్టి మోయించడం ఇష్టం లేదు. నేల ఎలా ఉంటే ఆటని అలా వంచాడు. అందుకే రెండో హోల్‌కి గోడ మీంచి గుడ్డిగా కొట్టాలి, నాలుగోదానికి వాగు రెండుసార్లు అడ్డొస్తుంది.

ఇంతా చేసి, తెలిసినవాళ్లు వచ్చేది ఏడోదాని కోసం. గుంత చుట్టూ నున్నగా కత్తిరించిన పచ్చికని గ్రీన్ అంటారు. ఏడో గ్రీన్ ఎడమవైపు జానెడు ఎత్తున ఉబ్బి ఉంటుంది. బంతి బుద్ధిగా వెళ్లి, గుంత రెండడుగుల్లో ఉందనగా కుడికి జారిపోతుంది. ఆటగాళ్లు దానికి మాయలాడి అని పేరు పెట్టారు.

దాన్ని కాసేది పచ్చిక మేస్త్రీ. ముప్ఫై ఏళ్లుగా ఆయన, అంతకు ముందు ముప్ఫై ఏళ్లు వాళ్ల నాన్న. "ఆ ఇంజినీరు బుర్రే బుర్రండీ," అని వచ్చినవాళ్లందరికీ చూపించేవాడు, ఆ ఇంజినీరు తన మేనమామైనట్టు.

క్లబ్బు కమిటీలోకి కొత్తగా వచ్చినవాళ్లు ఆ గుట్ట అన్యాయమన్నారు, చదును చేయాలన్నారు. తాతకి దగ్గులు నేర్పుతున్నారని మేస్త్రీకి ఒళ్లు మండింది. సెక్రటరీ మేడమ్ గదికి వెళ్లి తనే పందెం కట్టాడు.

"ఇంజినీరు గీసిన పాత పటం వెతికి తెస్తాను మేడమ్. అందులో గుట్ట ఉంటే దాన్ని ఎవరూ ముట్టుకోకూడదు."

"లేకపోతే?"

"నేనే తవ్వేస్తాను."

"మాటంటే మాటే మేస్త్రీగారూ," అందావిడ.

మూడు రోజులు వెతికాడు. నాలుగో రోజు మధ్యాహ్నం మిషన్ల షెడ్డులో, విత్తనాల బీరువా వెనక, రేకు గొట్టం దొరికింది. నూరేళ్ల నాటి గొట్టానికి నైలాన్ తాడు చుట్టి ఉంది. ఆ ఆత్రంలో తాడుని పట్టించుకోలేదు.

పటంలో ప్రతి గ్రీన్ మూలల్లోనూ ఇంజినీరు ఎత్తులు రాశాడు. ఏడోదానికి నాలుగు మూలల్లోనూ ఒకటే అంకె. మేస్త్రీ కళ్లజోడు తుడుచుకుని మళ్లీ చూశాడు. అంకె మారలేదు.

నమ్మలేక, మట్టి తీసి చూసే బోలు గొట్టం పట్టుకుని ఏడోదాని దగ్గరికి పరిగెత్తాడు. కుడివైపు దింపి లాగితే నాలుగు వేళ్ల ఇసుక, ఆ కింద నల్లమట్టి. ఎడమవైపు గొట్టం నిండా ఇసుకే, చార మీద చార, ఏడాదికొకటి.

ఆ చారలు ఎక్కడివో ఆయనకి చూడగానే తెలిసింది. పచ్చిక నునుపుగా ఉండాలని ఏటా ఆట తగ్గే నెలలో గ్రీన్ మీద ఇసుక చల్లుతారు. ఎండకి తాళలేక కుప్పని ఎడమవైపు చెట్టు నీడలో పోయిస్తారు. నాన్న అలా పోయించాడని తనూ పోయించాడు. నీడలో ఉన్నంతసేపు నిండు పారలు, ఎండలోకి వెళ్లేకొద్దీ సగం పారలు. ఇలా అరవై ఏళ్లు. మాయలాడిని కన్నది ఇంజినీరు కాదు, తండ్రీకొడుకుల ఒళ్లు బద్ధకం.

ఇంటికి వచ్చేసరికి నాన్న వంటగది బల్ల దగ్గర బఠాణీలు ఒలుస్తున్నాడు. మేస్త్రీ ఆయన ముందు పటం పరిచాడు. ముసలాయన తేలు కుట్టిన దొంగలా తల వంచుకుని ఇంకో కాయ అందుకున్నాడు. అప్పుడు గుర్తొచ్చింది, ఇంజినీరు కాలంలో లేని ఆ నైలాన్ తాడు.

"నువ్వే దాచావా నాన్నా?"

"పనిలో చేరిన పదో ఏట దొరికింది. ఉద్యోగం ఊడుతుందని దాచేశా."

"తర్వాతైనా సరిచేయొచ్చుగా?"

"ఈలోగా జనం దాన్ని చూడ్డానికి రావడం మొదలెట్టార్రా."

"ముప్ఫై ఏళ్లు నాచేత అందరికీ అబద్ధం చెప్పించావు."

నాన్న చేతిలోని కాయ ఒలవకుండా పట్టుకుని కూర్చున్నాడు. "నిజమే. కానీ అంత మైదానంలో నాదంటూ ఉన్నది అదొక్కటేరా."

మేస్త్రీకి కోపం వచ్చింది, దాని వెనకే ఏడుపూ వచ్చింది. పటాన్ని పొయ్యిలో పెడితే అడిగే దిక్కు లేదు. అయినా చుట్టి చంకన పెట్టుకుని సెక్రటరీ గదికి నడిచాడు.

ఆవిడ అంకెలు చూసి తెల్లబోయింది. "మరి ఈ గుట్ట ఎవరు చేశారు?"

"సగం మా నాన్న. సగం నేను."

"మీరు చెప్పకపోతే ఎవరికీ తెలిసేది కాదు కదా," అంది పటం చుడుతూ.

"మాటంటే మాటన్నారుగా మేడమ్."

సోమవారం తనే తవ్వాడు. పచ్చిక కుదురుకున్నాక నాన్నని తీసుకెళ్లి గ్రీన్ పక్కన కుర్చీ వేసి కూర్చోబెట్టాడు. ఒకాయన బంతి నేరుగా వెళ్లి గుంతలో పడింది. రెండో ఆయనదీ పడింది. ఇద్దరూ బంతులు తీసుకుని, వెనక్కి చూడకుండా ఎనిమిదోదానికి వెళ్లిపోయారు.

"ఇదివరకు ఇక్కడ ఆగేవాళ్లు," అన్నాడు నాన్న.

అంతలో ఆ ఏటి ఇసుక లారీ వచ్చింది. కుప్ప ఎక్కడ పోయమంటారని డ్రైవర్ అడిగాడు. మేస్త్రీ తన నాన్న ముఖంలోకి చూశాడు.

"ఎప్పుడూ పోసే చోటే. ఆ చెట్టు నీడలో," అన్నాడు. ఆ మాట తన నోట్లోంచే వచ్చిందని తెలిసి తనే అదిరిపడ్డాడు.