నిండుగా పోయి నిండుగా వచ్చే బాటిల్

దీక్షిత కడుపుకు సిగ్గు లేదు. ఉన్న సిగ్గంతా దీక్షితకే ఉంది.

ఎవరైనా పేరడిగితే తన చెప్పుల వైపు చూసి చెప్పే పిల్ల ఆమె. ఆమె కడుపు మాత్రం క్లాసులో అందరూ చప్పుడు చేయకుండా నోట్సు రాసుకునే సమయం చూసి గొంతు సవరించుకునేది. మొదట సన్నగా, ఎండిపోయిన బోరింగులోంచి గాలి వచ్చినట్టు. తర్వాత పొడుగ్గా, పాత తలుపు కిర్రుమన్నట్టు. చివరికి లోపల ఎవరో బీరువా జరిపినట్టు ఒక మోత. అందరూ తలలు తిప్పేవాళ్లు. ఆ చప్పుడు ఎక్కడిదో తనకూ తెలియనట్టు దీక్షిత కూడా తల తిప్పి వెనక్కి చూసేది. ఆమె కూర్చునేది ఆఖరి బెంచీలో. వెనక గోడ తప్ప ఏమీ లేదు. పాపం, ఆ గోడ ఎన్ని నిందలు మోసిందో!

ఎడపల్లి దగ్గర చెరుకు తోటల మధ్య వాళ్ల ఊరు. పదో తరగతి దాకా ఊళ్లో బడి. గంట కొట్టాక ఇంట్లోంచి బయల్దేరినా ప్రార్థనకు అందేంత దగ్గర. ఇంటర్‌కు నిజామాబాద్‌లో ఆడపిల్లల కాలేజీలో చేరింది. రోజూ పొద్దున బోధన్ నుంచి వచ్చే బస్సెక్కి పోవడం, సాయంత్రం అదే తొక్కిడిలో తిరిగి రావడం. చేరిన కొన్నాళ్లకే కడుపు మొండికేసింది. ఒకటే ఉబ్బరం, ఉన్నట్టుండి మెలిపెట్టే నొప్పి. పొద్దున బాత్రూంలోకి పోతే ఎంతసేపు కూర్చున్నా పని కాదు. అమ్మ గంగమణి బయటి నుంచి తలుపు కొట్టేది. "లోపల్నే కాపురం పెడుతున్నవా ఏందే? బస్సు పోతది!"

ఇంట్లో తలా ఒక రోగం పేరు చెప్పారు. నానమ్మ పెంటవ్వది అన్నిటికన్నా గొప్పది. ఒళ్లో చాట పెట్టుకుని బీడీలు చుడుతూనే తేల్చేసింది.

"గిది పెట్టుడు మందే. కాలేజీల ఎవడో పోరడు నీ మీద మనసువడి, తినేదాంట్ల మందు కలిపిండు. గది కడుపుల అతుక్కపోయింది. కక్కిస్తెనే పోతది."

"అది ఆడపిల్లల కాలేజీ నానమ్మా."

"అయితే బస్సుల పెట్టిండు."

ఆ మాటకు దీక్షితకు భయం వేయలేదు, లోలోపల కొంచెం గర్వం వేసింది. తనకు మందు పెట్టేంత మనసు పడినవాడు ఎవడై ఉంటాడా అని బస్సు ప్రయాణాలన్నీ గుర్తు చేసుకుంది. ఇన్నాళ్లలో ఆమె ముఖంలోకి తేరిపార చూసిన మగవాడు కండక్టరు ఒక్కడే. అతను కూడా చేతిలో ఆధార్ కార్డు పట్టుకుని, "గీ ఫోటోల ఉన్నది నువ్వేనా?" అని అనుమానపడ్డాడు. ఆ ప్రేమకథ అక్కడితో ముగిసింది.

అమ్మ ఉప్పు, ఎండుమిర్చితో దిష్టి తీసి నిప్పుల్లో వేసింది. ఇంటిల్లిపాదీ దగ్గారు. కడుపు మాత్రం అలాగే ఉంది. బాపు హన్మాండ్లు ఇక లాభం లేదని బోధన్‌లో డాక్టరు దగ్గరికి తీసుకుపోయాడు. డాక్టరు దీక్షితను అడిగిన ప్రతిదానికీ అమ్మే జవాబు చెప్పింది.

"టైముకు తింటున్నవా అమ్మా?"

"తింటది సారు."

"నీళ్లు బాగ తాగుతున్నవా?"

"అయ్యో, బిందెలు తాగుతది సారు! రోజు ఇంత పెద్ద బాటిల్ నింపుకొని పోతది."

దీక్షిత చెప్పుల వైపు చూసింది. కాదని అనాలంటే ముందు నోరు తెరవాలి. నోరు తెరిస్తే డాక్టరు తన వైపు చూస్తాడు. అంత దూరం ఎందుకులే అనుకుంది.

రక్తం తీశారు. స్కానింగ్ చేశారు. ఏమీ లేదన్నారు. ఆ మాట విని బాపు దవాఖానా మెట్లు దిగేదాకా సంతోషపడ్డాడు. మెట్లు దిగాక అనుమానం మొదలైంది.

"ఏం లేకపోతే నొప్పి ఎందుకు లేస్తది? పట్నం తిరుగుడు పడ్తలేదు నీకు," అన్నాడు ఇంటికొచ్చాక. "దసరా దాక చూస్త బిడ్డా. గప్పటికి నిమ్మళం కాకపోతే కాలేజి బంద్. పానం కన్న ఎక్కువనా చదువు? ఇంటి పట్టున ఉండు, నానమ్మతోని బీడీలు చుట్టు."

తిట్టి ఉంటే దీక్షిత కూడా ఏడ్చి ఎదురు చెప్పేదేమో. ఆయన తల నిమురుతూ చెప్పాడు. తల నిమిరే మనిషితో కొట్లాడటం ఆమెకు రాదు. కానీ కాలేజీ మానడమంటే గుండె జారిపోయింది. ల్యాబులో మైక్రోస్కోపు ముందు కూర్చునే ఉద్యోగం చేయాలని ఆమె కోరిక. ప్రపంచంలో ఎవరితోనూ మాట్లాడకుండా జీతం తీసుకునే పని అదొక్కటేనని ఆమె నమ్మకం.

అందుకని తన కడుపును తానే బాగుచేసుకోవాలని పట్టుపట్టింది. ఫోన్‌లో వీడియోలు చూసింది. జీలకర్ర మరిగించి తాగమన్నారు, వాము నమలమన్నారు, మజ్జిగ తాగమన్నారు. అన్నీ చేసింది. కాకపోతే ప్రతి వీడియోలోనూ ఒక మాట దగ్గర ఆమె చెవులు మూసుకుపోయేవి. రోజంతా నీళ్లు బాగా తాగాలి, అన్న మాట దగ్గర.

కాలేజీ బాత్రూం తలుపుకు గొళ్లెం లేదు. గొళ్లెం ఊడిపోయిన చోట ఒక బొక్క మాత్రం ఉంది. లోపలికి పోవాలంటే బయట ఒకరు తలుపు పట్టుకుని నిలబడాలి. నిలబడాలంటే ఎవరినైనా అడగాలి. "జర తలుపు పట్టుకుంటవా?" అన్న చిన్న మాట. ఫిజిక్సు సూత్రాలన్నీ నోటికి వచ్చిన దీక్షితకు ఆ ఒక్క మాట నోట్లోంచి రాలేదు. అడిగే బాధ లేకుండా ఉండాలంటే పోయే అవసరం రాకూడదు, అవసరం రాకూడదంటే నీళ్లు తాగకూడదు. ఇంత తెలివైన ఉపాయం తట్టినందుకు మొదట్లో తన భుజం తానే తట్టుకుంది కూడా.

అమ్మ పొద్దున నింపి ఇచ్చిన బాటిల్ నిండుగా కాలేజీకి పోయి, నిండుగా ఇంటికి వచ్చేది. అమ్మ చూడకముందే వాకిట్లో కరివేపాకు చెట్టు మొదట్లో వంపేసేది. ఆ చెట్టు మాత్రం ఏ రోగమూ లేకుండా గోడను దాటి పెరిగింది.

దసరా దగ్గర పడింది. దీక్షిత పేగులు కదిలించే ఇసబ్‌గోల్ పొట్టు తెప్పించుకుంది. ప్యాకెట్టు మీద తెలుగులోనే రాసి ఉంది, గ్లాసు నిండా నీళ్లలో కలిపి తాగాలని, ఆ రోజు నీళ్లు ఎక్కువ తాగాలని. దీక్షిత శ్రద్ధగా చదివింది. తన సౌకర్యం కోసం చిన్న మార్పు చేసుకుంది. రెండింతల పొట్టు, రెండు చెంచాల నీళ్లు. సున్నం ముద్దలా అయినదాన్ని గుటుక్కున మింగి బస్సెక్కింది. ఆ పొట్టు నీళ్లు పీల్చి ఉబ్బుతుందని బైపీసీ చదివే పిల్లకు తెలియదా? తెలుసు. తన కడుపు మొహమాటపడి ఊరుకుంటుందని అనుకుంది.

మూడో పీరియడ్ జువాలజీ. మేడం సుద్దముక్క పట్టుకుని వెనక బెంచీ వైపు చూసింది.

"దీక్షితా, బొమ్మలు నువ్వే కదా బాగా గీస్తావు. రా, జీర్ణవ్యవస్థ గీయి."

ఇన్ని వ్యవస్థలు ఉండగా అదే దొరికింది. పోయి బోర్డు మీద గీయడం మొదలుపెట్టింది. నోరు, ఆహారవాహిక, జీర్ణాశయం బాగానే వచ్చాయి. చిన్నపేగు చుట్టలు చుట్టలుగా గీసింది. పెద్దపేగు దగ్గరికి వచ్చేసరికి లోపలి పెద్దపేగుకు తన పేరు వినిపించినట్టుంది. బోరింగు, తలుపు, బీరువా, మూడూ ఒకేసారి మోగాయి. ఇప్పుడు తల తిప్పి చూడటానికి వెనక గోడ లేదు. ముందున్నది బోర్డు. వెనక ఉన్నది క్లాసంతా.

నడిమి వరసలోంచి వినీత గొంతు వచ్చింది. నిజామాబాద్ టౌన్ పిల్ల, మైకు అక్కరలేని గొంతు.

"మేడం, బొమ్మకు పానం వచ్చింది!"

క్లాసు ఘొల్లుమంది. సుద్దముక్క కింద పడింది. అదే సమయానికి కడుపులో మెలి తిరిగి దీక్షిత బోర్డు పట్టుకుని వంగిపోయింది. మేడం నవ్వు ఆపుకుని, "పో అమ్మా, పోయి కొంచెంసేపు బయట కూర్చో" అంది.

బాత్రూంల ముందు నల్లాల దగ్గర మెట్టు మీద కూర్చుని దీక్షిత ఏడ్చింది. దసరా దాకా ఎందుకు, ఈ సాయంత్రమే బాపుకు మానేస్తానని చెబుదామనుకుంది. అంతలో తన సంచితో పాటు దీక్షిత సంచి కూడా భుజానికి తగిలించుకుని వినీత వచ్చింది.

"ఏయ్, ఏడుస్తున్నవా? ఊకె జోకేసిన. నిజంగ నొప్పా? పొద్దున ఏం తిన్నవే?"

"ఇసబ్‌గోల్."

"మా బాపు గూడ తింటడు. గాయన చెంబెడు నీళ్లు తాగుతడు దాని మీద. నువ్వెన్ని తాగినవ్?"

దీక్షిత చెప్పుల వైపు చూసింది. వినీత ఆమె సంచిలోంచి బాటిల్ తీసి పైకెత్తింది.

"గిదేందే, మూతి దాక ఉంది!"

దీక్షిత గొళ్లెం లేని తలుపు వైపు ఒకసారి చూసింది, అంతే. వినీత కూడా ఆ తలుపు వైపు చూసింది. ఆమె ముఖంలో నవ్వు తగ్గింది. మెల్లగా తన సంచిలోంచి తన బాటిల్ తీసి పక్కన పెట్టింది. అది కూడా మూతి దాకా ఉంది.

"నేను ఇంటికి వొయినంక తులసమ్మకు పోస్త," అంది. "నువ్వు?"

"కరివేపాకుకు."

ఇద్దరికీ నవ్వాగలేదు. నవ్వుతుంటే దీక్షితకు నొప్పి ఎక్కువైంది, అయినా ఆగలేదు. కాకపోతే లోపల కొంచెం చిన్నబోయింది కూడా. తన సిగ్గు ఊళ్లో ఎవరికీ లేనిదని ఇన్నాళ్లు అనుకుంది. మైకులాంటి వినీతకే అది ఉన్నదంటే ఇక తనకంటూ మిగిలిందేమిటి?

"తాగు ముందు," అంది వినీత.

తాగింది. ఎడారిలోంచి వచ్చినదానిలా సగం బాటిల్ తాగింది. కాసేపటికి జరగాల్సిందే జరిగింది. దీక్షిత గొంతు సవరించుకుంది. ఈసారి నిజంగా గొంతే.

"జర... తలుపు పట్టుకుంటవా?"

"దా!" అంది వినీత. తలుపు పట్టుకుని, అటు వచ్చే ప్రతి పిల్లకూ వినపడేటట్టు అరిచింది. "ఆగుండ్రి, మా దీక్షిత ఉంది లోపట!" లోపల దీక్షిత కళ్లు మూసుకుంది. కాలేజీ అంతటికీ తెలిసిపోయింది. ఆశ్చర్యం, ప్రాణం పోలేదు.

బయటికొచ్చాక వినీత అంది, "నేను రాని రోజు ఏం చేస్తవ్? గొళ్లెం సంగతి మేడంకు చెప్తే చూస్తమన్నరు, ఇంక చూస్తనే ఉన్నరు. గా బొక్కలకెళ్లి దారం కట్టి లోపల గోడకున్న మొలకు చుట్టుకుంటే? మా అమ్మ దగ్గర బీడీల దారం ఉంటది, అడుగుత."

"వద్దు. మా నానమ్మను నేనడుగుత," అంది దీక్షిత. అన్నాక తన నోటిని తానే నమ్మలేకపోయింది.

సాయంత్రం బాపు పొలం నుంచి వచ్చి కాళ్లు కడుక్కుంటున్నాడు. నానమ్మ బీడీలు కట్టలు కడుతోంది.

"నానమ్మా, కొంచెం దారం ఇయ్యవా?"

"కంపెనీ దారమే. లెక్కకిస్తరు. నీకెందుకు?"

దీక్షిత నీళ్లు నమిలింది. బాపు చెంబు కింద పెట్టి, "చెప్పు బిడ్డా" అన్నాడు. దీక్షిత తన చెప్పుల వైపు చూసింది. వాటికే చెబుతున్నట్టు తలుపు, బొక్క, బాటిల్, కరివేపాకు, అంతా చెప్పేసింది.

అమ్మ నెత్తి మీద చెయ్యి పెట్టుకుంది. "బిందెలు తాగుతదని డాక్టరు సారుకు చెప్తి కదనే!"

"నువ్వే చెప్తివి. నేను చెప్పలే."

నానమ్మ చేతిలో బీడీ కట్ట ఆగిపోయింది. "అయితే మందు ఎవ్వలు పెట్టలేదా?" అంది, ఇంటికి వచ్చిన సంబంధం తప్పిపోయినట్టు.

"ఎవ్వలు పెట్టలే నానమ్మా. నేనే పెట్టుకున్న."

బాపు చాలాసేపు కరివేపాకు చెట్టునే చూశాడు. "ఎరువు ఎయ్యలే, ఏం ఎయ్యలే, గిదెట్ల గింత పెరిగిందా అనుకున్న," అన్నాడు. తర్వాత నవ్వు వచ్చింది ఆయనకు. నవ్వినా మాట మాత్రం మార్చలేదు. "దసరా దాక చూస్త అన్న కదా. చూద్దం."

మరుసటి రోజు బోధన్ డాక్టరు దగ్గర దీక్షితే మాట్లాడింది. సగం మాటలు చెప్పులకు చెప్పినా డాక్టరుకు వినబడ్డాయి. నీళ్లు తాగమన్నాడు, పీచున్న తిండి నమిలి తినమన్నాడు, వచ్చినదాన్ని ఆపుకోవద్దన్నాడు. ఇంత చేసినా తగ్గకపోతే మళ్లీ రమ్మన్నాడు. ఇదంతా వీడియోలో ఊరికే చెప్పారు కదా అని దీక్షిత తనను తానే తిట్టుకుంది.

నానమ్మ లెక్కలోంచి దారం తీసి, జడలా పేని ఇచ్చింది. తలుపు బొక్కలో ఆ తాడు కట్టాక ఎవరూ విప్పలేదు. కొన్నాళ్లకు దాని చివర ఎవరో పూస కూడా కట్టారు. ఇంట్లో పొద్దున టిఫిను పోయి జొన్నరవ్వతో వండిన గట్క, మజ్జిగ వచ్చాయి. కడుపు వెంటనే లొంగలేదు. ఇన్నాళ్ల అలక మరి. ఒకరోజు మంచిగుంటే ఇంకోరోజు మొండికేసేది. అయినా అమ్మ బాత్రూం తలుపు కొట్టడం తగ్గింది.

బతుకమ్మ సెలవులకు ముందు, జువాలజీ క్లాసులో మళ్లీ ఒకసారి బీరువా జరిగింది. తలలన్నీ తిరిగాయి. దీక్షిత అలవాటుగా గోడ వైపు తిరగబోయి ఆగింది.

"నాదే," అంది సన్నగా. నవ్వారు. ఆమె కూడా నవ్వింది. గోడ బతికిపోయింది.

దసరా అయిపోయింది. సెలవుల తర్వాత కాలేజీ తెరిచిన రోజు సాయంత్రం, దీక్షిత బస్సు దిగి ఇంటికి వచ్చేసరికి బాపు వాకిట్లో కూర్చుని ఉన్నాడు. పక్కన కరివేపాకు చెట్టు ఆకులు కొన్ని పసుపు పచ్చగా తిరిగాయి. ఆయన చెయ్యి చాపాడు. దీక్షిత బాటిల్ ఇచ్చింది. మూత తీసి తలకిందులు చేశాడు. ఒక్క చుక్క రాలేదు. ఇంకోసారి విదిలించి చూశాడు.

"మంచిది," అని బాటిల్ ఆమె చేతిలో పెట్టాడు. "రేపటికి నింపుకో."