స్టూలాయన

లేజరు అద్దం మరను వెంట్రుకవాసి తిప్పి, స్టూలాయన ఊపిరి బిగబట్టాడు. పవర్ మీటరు ముల్లు లేచి, తూగి, నిలబడింది. సెకనులో లక్షకోట్లో వంతైనా బతకని వెలుగు తునక ఒకటి యాంప్లిఫయరు స్ఫటికంలోకి పిల్లిలా దూరి పులిలా బయటికొచ్చింది. ఏ చక్రవర్తి పట్టాభిషేకానికీ ఇంతటి నిశ్శబ్దం దక్కి ఉండదు. తిలకించిన ప్రజానీకం మాత్రం ఒక్కడే. ఆయనకూ మోకాళ్ల నొప్పి.

ఇరవై ఆరేళ్లుగా ఆయన సింహాసనం ఆ మూడుకాళ్ల ఇనుప స్టూలే. కూర్చునేచోట రంగు పోయి నున్నబడింది. మూత తీసిన లేజరు పక్కన, అద్దాలకు జానెడు దూరంలో కూర్చుని, ఎరుపు నుంచి కంటికి ఆనని రంగుల దాకా దాన్ని మెట్టుమెట్టుగా దింపేవాడు. రంగు మార్చినప్పుడల్లా యాంప్లిఫయరు అలిగేది. ఆయన కూర్చుంటే అలక తీరేది. "సవతిని అద్దాల మేడలో పెట్టావు, నన్ను రెండు గదుల్లో పెట్టావు" అని భార్య దెప్పేది. ఆమె పోయాక దెప్పేవాళ్లూ కరువయ్యారు.

ఇప్పుడు అద్దాలన్నిటికీ మోటార్లు బిగించారు. ఏ రంగుకు ఏ మర ఎంత తిప్పాలో, ఆ ప్రయోగశాలకు పెద్ద అయిన సైన్సు డాక్టరమ్మ వారంపాటు ఆయన పక్కన నిలబడి రాసుకుంది. మధ్యాహ్నం పరీక్ష. రంగులన్నీ యంత్రమే దాటుకుంటే రేపటి నుంచి ఆయన రానక్కర్లేదు. వెళ్లడానికి ఇంకో చోటూ లేదు.

"బాబాయ్, మీరు బయట కూర్చోండి. మనిషి లేకుండా నడవాలి, అదే కదా పరీక్ష."

"ముట్టుకోనమ్మా. చేతులు కట్టుకుని ఇక్కడే ఉంటా."

"మీ చేతులు ఊరుకుంటాయా? నాకు తెలీదూ!"

"నేను లేకపోతే అది అలుగుతుందమ్మా."

"అలగడానికి కొత్తల్లుడా ఏంటి బాబాయ్?"

ఆయనా నవ్వాడు. వరండాలో బెంచీ మీద కూర్చుని, లోపలి ముల్లును తలుచుకుంటూ కళ్లు మూసుకున్నాడు.

మొదటి రెండు రంగులూ యంత్రం దర్జాగా దాటింది. పది నిమిషాలకు ముల్లు జారసాగింది. మరలు సరే, లెక్కలు సరే. ముల్లు మాత్రం ఆగలేదు. డాక్టరమ్మ బింకం దిగమింగుకుని తలుపు తీసింది.

"బాబాయ్, ఒక్కసారి వచ్చి కూర్చోండి."

ఆయన తల గోడకు ఆనుకుని ఉంది. బొటనవేలూ చూపుడువేలూ కనబడని మరనేదో పట్టుకున్నట్టే ఉన్నాయి. ఆయన ఇక లేవలేదు.

కారణం దొరకడానికి మూడు వారాలు పట్టింది. ఆ లెక్కలన్నీ ఆయన పక్కనుండగా కుదిరినవి. ఆయన ఒంటి వేడికి అద్దాలను పట్టి ఉంచే బిగింపులు వెంట్రుకవాసి ఉబ్బేవి. ఆ ఉబ్బు కూడా లెక్కలో కలిసిపోయింది. ఇరవై ఆరేళ్ల మహావిద్యలో సగం, ఒక ముసలి ఒంటి వెచ్చదనం. కూర్చున్న మనిషి వదిలే వేడి సుమారు వంద వాట్లని డాక్టరమ్మ పుస్తకంలో చూసింది. అన్నీ మళ్లీ కొలవాలంటే ఆర్నెల్లు. అంత గడువు ఎవరూ ఇవ్వలేదు. తనే బజారుకెళ్లి ఆ వంద వాట్లు తెచ్చింది.

నున్నబడిన ఆ ఇనుప స్టూలు మీద, అద్దాలకు జానెడు దూరంలో, వెలుగు బయటికి రాకుండా నల్లరేకు కప్పిన వంద వాట్ల బల్బు ఒకటి పొద్దస్తమానం వెచ్చగా కూర్చుని ఉంటుంది.