యంత్రం ఆపిన పాట

వెండెల్ క్రూగర్ ఆ వారమంతా ప్రార్థనలో ఒక్కటే అడిగాడు, ఇంకొక్కసారి తనను డ్రమ్ముల వెనక కూర్చోబెట్టమని. అరవై దాటాక అలా అడగవచ్చునా అన్న అనుమానం పీకుతూనే ఉంది. దేవుడికి ఈ గోలతో పనేమిటని భార్య లొరెయిన్‌తో అంటే, ఆయన చెవులు మూసుకున్నాడని నీకెవరు చెప్పారని ఆమె నవ్వింది.

పంతొమ్మిది వందల ఎనభై ఆరులో డ్రమ్ముల మీద అతని ముందు నిలిచినవాడు లేడు. సన్‌సెట్ వీధి స్తంభాలకు తమ రాక్ కచేరీల కరపత్రాలు తామే అంటించుకున్న నలుగురు కుర్రాళ్లు, రెండేళ్లు తిరక్కుండా స్టేడియాలు నింపారు. జుట్టు నిలబడడానికి డబ్బాల కొద్దీ స్ప్రే, కళ్లకు కాటుక, ఒంటికి అతుక్కుపోయిన చిరుతమచ్చల పంట్లాం. వెండెల్ కర్ర గాల్లోకి విసిరి, అది రెండు చుట్లు తిరిగి వచ్చాక పట్టుకుని, దెబ్బ మాత్రం తప్పకుండా వేసేవాడు.

వాళ్ల రెండో రికార్డు బయటికొచ్చిన రోజు, కారులో అది వింటూ వింటూ అతను బండి రోడ్డు పక్కకు తీసి ఆపేశాడు. పల్లవి దగ్గర పడితే ఉత్సాహం పట్టలేక కాస్త ముందుకు ఉరకడం అతని చేతి గుణం. ఆ రికార్డులో ఉరుకు లేదు. నిర్మాత అతనికి చెప్పకుండా అతని వాయింపంతా తీసేసి, లెక్క తప్పని యంత్రం దెబ్బలు పెట్టాడు. అట్ట మీద పేరు మాత్రం వెండెల్‌దే. అతను నోరెత్తలేదు. రికార్డు లక్షల్లో అమ్ముడుపోయింది. ఎంత బాగా వాయించావని జనం మెచ్చుకుంటే తలవంచి నవ్వేవాడు.

తర్వాత తొంభై రెండు వచ్చింది. గళ్ల చొక్కాలేసుకుని తల దువ్వని కుర్రాళ్లు రేడియోలన్నీ ఆక్రమించారు. రికార్డు కంపెనీ వాళ్లు ఫోను ఎత్తడం మానేశారు. వెండెల్ రిసీడా అనే పేటలో ఇళ్లకు టైల్స్ పరిచే పనిలో పడ్డాడు. కొత్తలో ఎవరైనా గుర్తుపడతారేమోనని భయపడేవాడు. కొన్నేళ్లకు ఎవరూ గుర్తుపట్టడం లేదే అని దిగులు పడ్డాడు.

ఇన్నాళ్లకు, గాయకుడు ట్రెంట్ మాలరీ ఫోన్ చేసి, పాత బృందం మళ్లీ ఊరూరా తిరగబోతోందనీ శనివారం మధ్యాహ్నం రిహార్సల్‌కు రమ్మనీ చెప్పాడు.

"జుట్టేదిరా నీకు?" అన్నాడు ట్రెంట్ గుమ్మంలోనే.

"నాది రాలిపోయింది. నీదెక్కడ కొన్నావ్?"

వెండెల్ చెవిలో తాళం తప్పకుండా టిక్కు టిక్కుమనే పరికరం పెట్టారు. దీపాలు, వెనక కోరస్, అన్నీ ఆ టిక్కుకే కట్టి ఉన్నాయి. మొదటి పాట సగం దాకా బాగానే సాగింది. పల్లవి రాగానే అతని చేతులు ఉరికాయి. రికార్డు చేసిపెట్టిన కోరస్ వెనకబడి, తప్పిపోయిన గొర్రెలా ఎక్కడో అరిచింది. గిటారు వాళ్లు నవ్వుకున్నారు. ట్రెంట్ చెయ్యెత్తి ఆపించాడు. దిగులుపడొద్దనీ, కచేరీలో ఎలాగూ డ్రమ్ములు కూడా యంత్రంలోంచే వస్తాయనీ, కర్రలు తిప్పుతూ కూర్చుంటే చాలనీ చెప్పాడు.

ఒకసారి ఊరుకున్నాననీ, ఇక ఊరుకోలేననీ వెండెల్ అన్నాడు. ట్రెంట్ మిగతా వాళ్లను కాఫీకి పంపి, తలుపు వేసి వచ్చి కూర్చున్నాడు.

"నువ్వు నిజంగా వాయిస్తే, నేను నిజంగా పాడాలి కదరా," అన్నాడు. "నా గొంతు పోయి ఆరేళ్లయింది. కచేరీలో నా పాట కూడా యంత్రంలోంచే."

ఇన్నేళ్లూ యంత్రం చాటున నిలబడ్డవాడిని తానొక్కడినే అనుకున్నాడు వెండెల్. కర్రలు మళ్లీ చేతిలోకి తీసుకుని, "యంత్రం ఆపు. ఒక్క పాట. ఇక్కడెవరున్నారు గనక?" అన్నాడు.

ట్రెంట్ శ్రుతి నాలుగు మెట్లు దించి పాడాడు. అయినా పై స్వరం దగ్గర గొంతు చీలింది. వెండెల్ దెబ్బ తేలిక చేసి, అతను ఊపిరి పీల్చుకునే దాకా ఆగాడు. పల్లవి దగ్గర చేతులు మళ్లీ ముందుకు లాగాయి. పట్టి ఉంచాడు. ట్రెంట్ ఎక్కడ ఆగితే అక్కడ తానూ ఆగాడు. తప్పులకు కొదవ లేదు, కానీ ఒకరినొకరు ఒక్కసారీ వదల్లేదు. పాటయ్యాక ట్రెంట్ విగ్గు తీసి ఒళ్లో పెట్టుకుని, మోచేత్తో కళ్లు తుడుచుకున్నాడు. జనం ముందూ ఇలాగే పాడడానికి ఒప్పుకున్నట్టే అనుకున్నాడు వెండెల్.

"జనం ముందు ఇది చెయ్యలేనురా," అన్నాడు ట్రెంట్. "వాళ్లు ఆ పాత గొంతు కోసమే వస్తారు."

"అయితే నేను రాను."

"నిన్ను పొమ్మనలేదు కదా."

"తెలుసు."

రానన్న మాట అతను గర్వంతో అనలేదు. రెండు గంటలు కష్టాలు మరిచిపోవడానికి వచ్చే జనానికి యంత్రం పాట వినిపిస్తే పాపమేమీ కాకపోవచ్చు. జనం సంగతి ఎలా ఉన్నా, తన వల్ల మాత్రం కాదని తెలిసింది. సంచీ భుజాన వేసుకుని బయటికి వచ్చి కారు తలుపు తీస్తుంటే, ట్రెంట్ బోడితలతోనే ఎండలోకి వచ్చాడు.

"వచ్చే శనివారం ఖాళీయేనా?"

"దేనికి?"

"దేనికీ కాదు. ఊరికే, మనిద్దరం."

వెండెల్ సంచీ కారు వెనక సీట్లో పడేశాడు.

"శనివారం ఒకరి స్నానాల గది నేల పని ఉంది. ఆదివారం చర్చి అయ్యాక మా ఇంటికి రా. షెడ్డులో మూలపడ్డ డ్రమ్ములు బయటికి తీస్తాను. లొరెయిన్ కోడి వేయిస్తుంది."

"మీ పక్కింటి వాళ్లు గోల అనరూ?"

"అననీ."