సముద్రం అడుగున వీరేశం లారీ

“చూశారా వీరేశం గారూ! రెండు మైళ్ళ లోతట! సముద్రాన్ని కొలిచే ఓడవాళ్ళు కెమెరా దించితే కనబడిందటండీ!”

బాలానగర్ షెడ్డులో సూపర్‌వైజరు పార్థసారథి వారపత్రిక పట్టుకుని గంతులేస్తున్నాడు. లేతు మెషీను ఆపి, చేతులు తుడుచుకుంటూ వచ్చిన వీరేశం ఆ ఫొటో చూశాడు, అంతే, దాన్ని కళ్ళ దగ్గరికి లాక్కున్నాడు. బురదలో నాలుగు చక్రాల మీద నిలబడి ఉంది పాత మిలిటరీ లారీ. ముందు బంపరు మీద వంకర కొక్కెం. నీళ్ళ సంచి తగిలించుకోవడానికి ఎద్దుబండి ఇరుసు ముక్క తెచ్చి తనే అతికించుకున్న కొక్కెం! అలాంటిది ఇంకే లారీకీ లేదు.

“ఏమైందండీ?”

“ఏం లేదు సారూ. గీ పుస్తకం జర నాకియ్యుండ్రి.”

కూకట్‌పల్లి దాకా సైకిలు తొక్కుతుంటే ముప్పై రెండేళ్ళ నాటి రేవు కళ్ళ ముందు ఆడింది. యుద్ధం రోజులు, పట్టాళంలో లారీ తోలే పని. ఎవరి లారీతో వాళ్ళే ఓడెక్కాలని ఆర్డరు. వీరేశానికి నీళ్ళంటే ప్రాణభయం, ఓడ చూడగానే వాంతి. “నీ లారీ నేను తీస్కపోత. నువ్వు నా లారీతోని రేపటి ఓడల రా,” అన్నాడు ఊరివాడే అయిన నర్సింహ. ఇద్దరూ ఎవరికీ చెప్పలేదు. మర్నాటి ఓడ ఆలస్యమైంది. మూడో రోజు నర్సింహ ఎక్కిన ఓడ మునిగిందని కబురు. సాహెబు గద్దించేసరికి వీరేశం నోట, “లారీ ఒక్కటే పోయింది సాబ్, నేను ఎక్కలే,” అన్న మాటే వచ్చింది, నర్సింహ ఎక్కాడన్నది రాలేదు. కాగితాల్లో నర్సింహ పారిపోయినవాడయ్యాడు. ఊరూ అదే నమ్మింది.

తెల్లారితే పెత్రమాస, చనిపోయిన పెద్దల పేరున బియ్యమిచ్చే అమావాస్య. నర్సింహ భార్య భాగ్యమ్మ ముంగిట్లో పెద్దల బియ్యం చెరుగుతోంది. ఏటా అత్తమామల పేర్లే చెప్పించి అయ్యగారికి ఇస్తుంది, మొగుడి పేరు ఎత్తదు.

“ఏంది వీరన్నా, గీ యాళ వచ్చినవ్? ఇంట్ల వండలేదా? తిందువు, కూసో. నీ దోస్తు మాత్రం పారిపోయి రంగూన్ల ఎవతె చేతి కూడో సల్లగ తింటుండు.”

వీరేశం పత్రిక ఆమె ముందు పరిచాడు. “గిది నా లారీ భాగ్యమ్మా. నేను పోలే. నా బదులు నర్సింహ పోయిండు. ఓడతోనే మునిగిండు.”

చాట ఆగిపోయింది.

“గిండ్లనా?” లారీ కిటికీ నల్లటి గుంట మీద వేలు పెట్టిందామె.

“ఆఁ.”

“ఇన్నేండ్లు దొంగసచ్చినోడు అన్న. బిడ్డ పెండ్లినాడు సుత తిట్టిన. నువ్వు పక్కన కూసోని బువ్వ తినుకుంట ఇంటుంటివి.”

వీరేశం పత్రిక మడవబోయాడు. ఆమె వేలు తియ్యలేదు.

“రేపు పొద్దుగాల రా. అయ్యగారు పేరు అడుగుతడు. వాడకట్టోళ్ళ ముంగట నువ్వే చెప్పాలె.”

తెల్లారి ఇరుగుపొరుగు వాళ్ళు, వాడకట్టు మొత్తం, బియ్యం చాటలతో, కూరగాయలతో చేరింది. అయ్యగారు నువ్వులు, నీళ్ళు వదులుతూ, “ఎవరి పేరున?” అన్నాడు.

భాగ్యమ్మ అతని వైపు చూడలేదు.

“నర్సింహ,” అన్నాడు వీరేశం.

“ఎవలూ, గా పారిపోయినోడా?” వెనక ఎవరో నవ్వారు.

“పారిపోయింది నేను.”

నవ్వు ఆగింది. భాగ్యమ్మ చాటను అయ్యగారి ముందుకు జరిపింది.