బీరువాలో పెట్టిన చెవి

మా బావమరిది కొండలరావు నాకు రెండు మాటలు చెప్పాడు. రెండూ నిజమే. అబద్ధాలైతే సుఖంగా తిట్టుకునేవాణ్ణి.

మాది రేపల్లె పక్క. నేను ఏడో తరగతితో మానేశాను. వాడు డిగ్రీ చదివి బాపట్లలో మందుల షాపు పెట్టాడు. పెళ్లయిన పద్నాలుగేళ్లకి పుట్టిన మా లక్ష్మీదుర్గకి పుట్టుకతోనే వినపడదు. ప్రభుత్వం ఉచితంగా ఆపరేషన్ చేయిస్తుందని కాగితాలన్నీ వాడే రాసిపెట్టాడు. కాదనను. చెవి వెనక, తల లోపల ఒక ముక్క పెట్టి కుట్టేశారు. పైన పెట్టుకునే మిషను వేరే. చెవికి తగిలించి దాని బిళ్ల తలకి ఆనిస్తే అయస్కాంతంలా అతుక్కుంటుంది. రెండూ కలిస్తేనే వినపడేది.

మిషను చేతికొచ్చిన రోజున కొండలరావు మొదటి మాట చెప్పాడు.

"బావా, ఇది ఆరు లక్షలు. పోతే మళ్ళీ ఇవ్వరు. జాగ్రత్త."

మా ఇంట్లో ఆరు లక్షల వస్తువు అంతకుముందు లేదు. మా ఆవిడ ప్రమీలారాణి తన గొలుసు తీసి పాత జాకెట్టు ముక్కలో చుట్టి, ఆ గొలుసు డబ్బాలో మిషను పెట్టి, బీరువాకి తాళం వేసింది. మంగళవారం, శుక్రవారం బయటికి తీసి పిల్లకి పెట్టి, తెనాలిలో మాటలు నేర్పే సెంటరుకి బస్సెక్కేవాళ్లం. ఇంటికి రాగానే తుడిచి మళ్ళీ లోపల.

సెంటర్లో స్టెల్లా మేడమ్ అని, పాతికేళ్ల పిల్ల. పెదాలు కనపడకుండా అట్టముక్క అడ్డం పెట్టుకుని "ఆ" అనేది, "ష్" అనేది. మా అమ్మాయి గులకరాయి చెంప దగ్గర పట్టుకుని కూర్చోవాలి. చప్పుడు వినపడగానే డబ్బాలో వేయాలి. ఆర్నెల్లు రాయి పట్టుకుని కూర్చుంది. వేయలేదు.

"మిషను పాడేమోనండి. ఊరికే ఇచ్చింది కదా," అన్నాను.

ఆవిడ మిషన్ని కంప్యూటర్‌కి తగిలించి చూసింది.

"రోజంతా పెడుతున్నారా, పిన్నిగారూ?"

"పెడుతున్నామమ్మా," అంది ప్రమీల, నా వంక చూసి.

"రోజుకి సగటున నలభై మూడు నిమిషాలని ఉందండి ఇందులో."

మిషను మన మీద చాడీలు చెబుతుందని కొండలరావు చెప్పలేదు.

"మిగతా టైమంతా ఎక్కడుంటోంది, బాబాయ్ గారూ?"

"బీరువాలోనండి."

"అయితే ఈపాటికి బీరువాకి మాటలొచ్చేసి ఉంటాయి," అంది. నవ్వలేదు. "లేచిన దగ్గర్నుంచి పడుకునేదాకా ఉండాలండి. నాలుగేళ్లు నిండుతున్నాయి. ఈ వయసులో వినకపోతే తర్వాత మిషను పెట్టినా మాటలు రావడం కష్టం. ఇంకో ఏడాది ఇలాగే పోతే నా దగ్గరికి తీసుకొచ్చినా లాభం లేదు."

ఆ రోజు నుంచి తీయలేదు. గౌనుకి పిన్నీసు పెట్టి, రిబ్బనుతో మిషన్ని కట్టాం. నెలన్నర తర్వాత ప్రమీల పోపు వేస్తే, ఆవాలు చిటపటలాడేసరికి పిల్ల రాయి తెచ్చి బకెట్లో వేసింది. ప్రమీల పోపు మాడ్చేసింది. ఇక ప్రతిదానికీ రాయే. పాలవాడి బండికి ఒకటి, గేటుకి ఒకటి. నేను ఫోన్లో కొండలరావుని తిడుతుంటే పదకొండు. మూడో నెలలో "న్నా" అంది. నన్నే.

తర్వాత కొండలరావు కూతురి పుట్టినరోజని బాపట్ల వెళ్లాం. సాయంత్రం అందర్నీ సూర్యలంక సముద్రానికి తీసుకెళ్లాడు. నేను మిషను తీసి డబ్బాలో పెట్టబోయాను. అప్పుడు రెండో మాట చెప్పాడు.

"తీయకు బావా. పడుకునేదాకా ఉంచమని ఆ మేడమే చెప్పిందిగా. అలల చప్పుడు విననీ."

విన్నది. ఒక గవ్వ ఏరుకుని, బకెట్ కోసం చుట్టూ చూసి, నీళ్లలోనే వేసింది. వెనకాలే ఇంకో అల వచ్చి పిల్లని పడేసింది. జబ్బ పట్టి లాగాను. పిన్నీసు ఉంది, రిబ్బను ఉంది. మిషను లేదు. కొండలరావు కొత్త ప్యాంటుతో నడుంలోతు నీళ్లలో చీకటి పడేదాకా వెతికాడు. వెతకలేదని అననులే.

మర్నాడు ఇంట్లో పిల్ల రాయి చెంప దగ్గర పట్టుకుని బకెట్ పక్కన కూర్చుంది. ప్రమీల పోపు వేసింది. పిల్ల కదల్లేదు. కావాలని గిన్నె పడేసింది. కదల్లేదు. అన్నం పెడదామని చేతిలో రాయి తీసుకుంటే, ఇంకోటి తెచ్చుకుంది.

స్టెల్లా మేడమ్‌కి ఫోన్ చేశాను. మళ్ళీ ఇవ్వరంది, కొనాల్సిందే. పైమిషను ఒక్కటే అయితే నాలుగు లక్షల ఎనభై వేలు. కొండలరావు చెప్పిన ఆరు లోపలి ముక్కతో కలిపి.

"నేనిస్తాను బావా. నిదానంగా తీర్చు," అన్నాడు వాడు.

"నీ మాటలు చాలు. నీ అప్పు కూడానా?"

"అయితే పొలం నాకే అమ్ము."

అమ్మాను. బేరం కూడా ఆడలేదు వెధవ. బయట పలికే ధరే ఇచ్చాడు.

మిషను వచ్చిన వారానికి రిజిస్ట్రేషన్ కాగితాలు పట్టుకుని ఇంటికొచ్చాడు. "బావా," అని గుమ్మంలోంచి పిలిచాడు. నేను పలకలేదు. లోపల బకెట్లో రాయి పడింది.

మొత్తం ముప్పాతిక ఎకరం నాది. అందులో పెనుమూడి రోడ్డు వైపు, కాలవ గట్టు పక్కది పోయింది. పదహారు సెంట్లు.